పక్క మంచం పుండు

తాండూరు నాపరాళ్ల గనిలో బండ పడి ఒక కూలీ పాదం నలిగింది. వికారాబాద్‌లో నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రికి తెచ్చారు. ఆపరేషన్ అయ్యాక గాయం చక్కగా మానుతూ వచ్చింది. పాదం నిలుస్తుందని డాక్టర్ అనగానే అతని భార్య నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నాకూ సంతోషమైంది.

మా దగ్గర ఆడా మగా అందరికీ ఒకటే వార్డు. అతని పక్క మంచం మీద యాలాల్ నుంచి వచ్చిన ముసలమ్మ. కాలికి షుగరు పుండు. ఏ యాంటీబయాటిక్‌కూ లొంగని క్రిమి అందులో ఉందని ల్యాబ్ రిపోర్టు వచ్చింది. ఆమెను వేరే గదిలో ఉంచాలి. ఆ గది ఉంది, విరిగిన మంచాలతో నిండి ఉంది. ఖాళీ చేయించమని అడిగి అడిగి నా నోరు నొప్పి పుట్టిందే తప్ప ఒక్క మంచమూ కదల్లేదు.

మావైపు ఆసుపత్రిలో పక్క మంచమంటే పక్కిల్లే. కూరలు పంచుకుంటారు, ఒకరు బయటికి పోతే ఇంకొకరు సెలైన్ చూస్తారు. ముసలమ్మ దగ్గర ఎవరూ ఉండేవారు కాదు. అందుకని అతని భార్యే ఆమెకు తల దువ్వేది, చీము కారితే గుడ్డతో తుడిచేది. ఆ చేతులు కొంగుకు తుడుచుకుని మొగుడి కట్టు సర్దేది. అతని చేతికి సూది ఉందని ముద్దలు కలిపి నోట్లో పెట్టేది.

చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. "చెల్లె, ఆమెను ముట్టకు అంటే ఇనవా? పోయి సబ్బుతోని చేతులు కడుక్కో!"

"గామెకు ఎవరున్నరక్కా? సూసుకుంట ఎట్ల ఊకోవాలె?"

కొన్నాళ్లకే అతనికి జ్వరం వచ్చింది. కట్టు విప్పితే దుర్వాసన. రిపోర్టులో అదే క్రిమి. మందులు మార్చి మార్చి చూశారు. చివరికి మోకాలి కింద కాలు తీసేశారు.

అప్పుడు ఖాళీ అయింది ఆ గది, ఒక్క పూటలో. నా కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు.

ముసలమ్మను అందులోకి మార్చి వస్తుంటే అతని భార్య నన్ను ఆపింది.

"అక్కా, నా చేతులతోనే అంటిందా?"

ఆమె చేతులో, మా చేతులో ఎవరు చెప్పగలరు? గ్లవ్స్ లేకుండా మేం కట్లు కట్టిన రోజులూ ఉన్నాయి. "మా దవాఖానల అంటింది. నీ తప్పు కాదు" అన్నాను. ఆమె నమ్మలేదు.

ఆ మధ్యాహ్నం అన్నం రాగానే అతను అలవాటుగా నోరు తెరిచాడు. ఆమె ముద్ద కలపలేదు. పళ్లెం అతని ఒళ్లో పెట్టి, చేతులు కొంగులో దాచుకుని దూరంగా నిలబడింది.