ఆమె నొక్కలేని మాట

ఏడో తరగతితోనే బడికి దండం పెట్టిన నన్ను ఇంగ్లీషు మాట గురించి సలహా అడిగింది ఆమె ఒక్కతే. సింగపూర్‌లో, జురాంగ్ ఈస్ట్ స్టేషన్‌లో రైలెక్కి నా పక్కన కూర్చున్న తెల్లావిడ.

"'లాస్ట్' అనే మాటకు మా లాట్వియా భాషలో చాలా మాటలున్నాయి. ఏది రాయాలి?" అంది ఫోన్ చూపిస్తూ.

"ఏం పోయింది మేడమ్, గొడుగా?" అన్నాను నవ్వుతూ.

"తమ్ముడు. 'వీ లాస్ట్ హిమ్' అన్నాడు డాక్టరు. మా దేశంలో ఉన్న అమ్మకు చెప్పాలి."

ఫోన్‌లో దారి తప్పడానికో మాట, ఆటలో ఓడడానికో మాట ఉన్నాయని చూపించి చెప్పింది. ఆమె వేలు వాటి మీదే తిరిగి తిరిగి, చివరికి చనిపోయాడన్న మాటే రాసింది. పంపడానికి మాత్రం చెయ్యి రాలేదు.

"మీరు నొక్కుతారా, ప్లీజ్?"

నొక్కాను. బూన్ లే స్టేషన్‌లో దిగాల్సినవాణ్ణి, దిగలేదు. ఆ తల్లి దగ్గర్నుంచి ఫోన్ వచ్చేదాకా పక్కనే కూర్చున్నాను.