నిండు సిలిండరు మీద సుద్దగీత

మా ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండర్లు మోసేవాణ్ణి అందరం సుద్దముక్క అనే పిలిచేవాళ్లం. ఖాళీ సిలిండరు మెడ మీద సుద్దతో అడ్డగీత గీయడం వాడి పని. గీత ఉంటే ఖాళీ, లేకపోతే నిండు. లారీ డ్రైవరు కూడా గీత చూసి ఎత్తించుకుపోయేవాడే తప్ప వాల్వు తిప్పి చూసేవాడు కాదు. పిల్లి మెడ మీద గీసినా లారీ ఎక్కించేస్తారురా అని నేను ఏడిపించేదాన్ని. వార్డు ఆయాని, నా నోరు ఊరుకోదు.

మహమ్మారి రోజుల్లో మంచాలు వరండాలోకి వచ్చాయి, సిలిండర్లు మాత్రం పెరగలేదు. ఒక్కోదానికి రెండు గొట్టాలు తగిలించి ఇద్దరేసి రోగులకు పెట్టమన్నారు డాక్టరమ్మ. సుద్దముక్కను తల్లిలా పెంచిన అక్కకూ, పక్క మంచం పెద్దాయనకూ కలిపి ఒకటే. అక్క ఆయాసం చూసి వీడికి కాళ్లూ చేతులూ ఆడలేదు. స్టోరులో మిగిలిన ఒక్క నిండు సిలిండరు మీద గీత గీసి ఖాళీల మధ్యకు నెట్టాడు. ఇంకెవరూ ముట్టుకోరు, అక్కకు మరీ ఇబ్బందైతే తీయొచ్చని. ఏం తెలివి, తగలెయ్య!

ఈలోగా స్ట్రెచరు పట్టమని పిలిచారు. తిరిగొచ్చేసరికి ఖాళీలతోపాటు లారీ దాన్నీ తీసుకుపోయింది. ఇక్కడ వార్డులో సిలిండరు అడుగంటింది. నర్సమ్మ స్టోరంతా వెతికి ఉత్త చేతులతో వచ్చింది. అక్క తన గొట్టం కట్టెయ్యమని సైగ చేసింది.

“పెద్దాయనకే వదలండి. మా తమ్ముడున్నాడుగా, ఎక్కణ్ణుంచైనా తెస్తాడు.”

గుమ్మంలో నిలబడ్డ వాడు ఆ మాట విని పరుగు తీశాడు. అడ్డరోడ్డు దగ్గర లారీని ఆపి, వెనక్కి తిప్పించి తెచ్చేసరికి పెద్దాయన పోయాడు. అక్కకు కొన ఊపిరుంది. నర్సమ్మ గబగబా గొట్టం బిగించింది.

పెద్దాయన భార్య వాడి చెయ్యి పట్టుకుని, శక్తికొద్దీ పరుగెత్తావు నాయనా, మా ఆయనకే నూకలు చెల్లాయి అంది. వాడు సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

“అది కాదమ్మా. నేనే దాచాను, మా అక్క కోసం.”

ఆవిడ చెయ్యి వదిలేసింది. మంచం మీద అక్క ముఖం గోడవైపు తిప్పుకుంది.

కోలుకున్నాక అక్కను ఇంటికి పంపారు. వాడు ఆటో తెచ్చి ఎక్కించబోతే, ముందు ఆ పెద్దాయన ఇంటికి పోనిమ్మంది. ఇప్పుడొద్దక్కా అని వాడు నసిగాడు.

“నేను పీల్చింది ఆయన గాలిరా. ఏ ముఖం పెట్టుకుని మనింటికి పోను?”