కండక్టరన్న ఇవ్వని కొమ్మ

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కండక్టరన్న గురించి చదివితే ఎవరికి ఏం ఒరుగుతుంది? కల్వకుర్తిలో ఆయన బస్సెక్కిన వాళ్లే సగం మంది పోయారు. పోయిన నెల ఒక పొద్దున, పాలు పోసే ఆమె గిన్నెలో పోస్తూనే, "కండక్టరన్న లేడట. దవాఖానలనే పోయిండట" అని చెప్పి పక్కింటికి వెళ్లిపోయింది. పాలు కాచి చాయ్ పెట్టుకున్నాను. సాయంత్రమయ్యాక ఎక్కడికి పోవాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియడం లేదు. అందుకే కాగితం ముందు కూర్చున్నాను.

శ్రీశైలం రూటులో ఉద్యోగం చేసి రిటైరైన ఆయన మా వీధి ఆ చివర ఒక్కడే ఉండేవాడు. ఈ చివర పైగదిలో, కిరాయికి, నేనొక్కణ్నే. మమ్మల్ని కలిపింది ఆయన వాకిట్లో, కుండీలో ఉన్న ఎర్ర దేవగన్నేరు. మామూలు దేవగన్నేరు ఇంటి కప్పు దాటుతుంది. ఇది పొట్టి రకం, ఛాతీ దాకా వచ్చి ఆగింది. కొమ్మ చివర పూలగుత్తి వేస్తుంది, పూత అయ్యాక అక్కడే రెండుగానో మూడుగానో చీలుతుంది. అందుకే నిటారుగా పోక గుబురు కడుతుంది. పొద్దు గూకితే వాసన చిక్కబడుతుంది. ఇవేవీ నేను బడిలో నేర్వలేదు. నా చదువు చాలావరకు పొట్లాల కాగితాల మీదే సాగింది. దేవగన్నేరు సొంతూరు ఏ దేశమో చెప్పబోయే చోటనే ఆ పొట్లం చిరిగింది. ఇప్పటికీ తెలియదు.

పాలు కారే చెట్టు ఇంట్లో ఉండరాదని వీధి ఆడవాళ్లు ఆయనకు నచ్చజెప్పేవాళ్లు. "కుండీల ఉన్నది చెట్టు గాదమ్మా, కిరాయిదారు" అనేవాడు. ఒక చలికాలం ఆకులన్నీ రాలి దుప్పి కొమ్ముల్లాంటి మోడు మిగిలింది. ఎండిపోయిందనుకుని నేను చెంబుతో నీళ్లు పోయబోతే చేయి పట్టుకున్నాడు.

"నిద్రల ఉన్నదానికి నీళ్లు పోస్తె కుళ్లుతది. దిగేటోళ్లను దిగనియ్యి. గప్పుడే ఎక్కేటోళ్లకు జాగ."

నేను రోజూ సాయంత్రం ఆయన వాకిట్లోకి పోయి ఒక కొమ్మ అడిగేవాణ్ని. రోజూ ఇవ్వననేవాడు. అడిగి తెచ్చుకున్న కొమ్మ బతకదని, దొంగిలించిందే వేరు పడుతుందని మా వైపు చాలామందికి ఉన్న నమ్మకమే ఆయనకూ ఉంది. కోసిన కొమ్మను పాలు ఆరి గాయం మూసుకునేదాకా నీడలో పడెయ్యాలని, పచ్చిగా నాటితే మురుగుతుందని అన్నీ చెప్పేవాడు. చెప్పి, కత్తి గోడ మీద పెట్టి, చాయ్ కోసం లోపలికి పోయేవాడు. గిన్నెలు కావాలని చప్పుడు చేస్తూ ఆలస్యం చేసేవాడు. తిరిగొచ్చి కొమ్మలు చూసి పెదవి విరిచేవాడు.

"దొంగతనం గూడ చాతగాదు. ఎట్ల బతికినవ్ ర బై?"

"ఇయ్యరాదె అన్నా, ఒక్క కొమ్మ."

"ఇస్తె సస్తది. నీ ఇష్టం."

నిజానికి కొమ్మ తెచ్చుకున్నా నాటడానికి నాకు జాగా లేదు. పైన కుండీ పెడితే స్లాబు కారుతుందని ఇంటామె ముందే చెప్పింది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. కొమ్మ నా చేతికొచ్చాక మరునాడు ఏం పెట్టుకుని మాట్లాడుకోవాలి?

దినాలు అయిపోయాక, హాలియా నుంచి వచ్చిన ఆయన కూతురు ఇల్లు ఖాళీ చేసింది. కుండీకి అంటిన మట్టి తుడుస్తూ అంది: "నాయిన రోజు ఫోన్ల చెప్తుండె చిన్నాయినా. గాయన ఇయ్యాల గూడ కొయ్యలే అని. నవ్వుతుండె."

కావాలంటే కుండీయే తీసుకుపొమ్మంది. వద్దన్నాను. హాలియాలో కాలవ నీళ్లు దండిగా ఉంటాయి, దీనికి మాత్రం చేయి బిగబట్టి పొయ్యమన్నాను.

ఆటో ట్రాలీలోకి ఎక్కిస్తుంటే రేకుకు తగిలి ఒక కొమ్మ విరిగింది. ఆమె ముందువైపు డ్రైవరుతో మాట్లాడుతోంది, చూడలేదు. కొమ్మను కండువాలో చుట్టుకున్నాను. ట్రాలీ పోయింది. నేను ఇంటికి నడిచాను. మెట్ల దగ్గర ఇంటామె ఎదురై కండువాలో ఏముందని అడిగింది. ఏం లేదన్నాను.