మనోడి రంగు

మా డ్రాయింగు మాస్టారు పోయారు. ద్వారకా నగర్‌లో నేను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్ మెట్లు దిగుతుండగా ఆయన భార్య ఫోన్ చేశారు. "మేస్టారు ఇక లేరమ్మా" అన్నారు. నాకు ఏడుపు రాలేదు, కంగారొచ్చింది. ఏ సంగతి విన్నా నాకు ముందొచ్చేది కంగారే. అంతకు ముందు వారమే ఆయన్ని చూసొచ్చాను. చెప్పాల్సినదేదో చెప్పకుండా వచ్చేశానని ఆ మెట్ల మీదే అనిపించింది.

పెందుర్తిలో మా వీధి చివరిల్లు ఆయనది. మా బళ్లో డ్రాయింగు పీరియడంటే అల్లరి పీరియడే. ఒకరోజు మనిషి ముఖం గీయమంటే అందరం పెట్టెలోంచి ఆ లేత గులాబి పెన్సిలే తీశాం. దాన్ని 'స్కిన్ కలర్' అనేవాళ్లం.

"ఈ రంగు మనిసిని మనూర్లో సూసినోళ్లు సెయ్యెత్తండర్రా" అన్నారు మాస్టారు. ఒక్క చెయ్యీ లేవలేదు.

తర్వాత నీళ్ల రంగులు తెప్పించారు. "నల్ల డబ్బా ముట్టకండి. ఎరుపు, పసుపు, కాసింత నీలం కలపండి. కలిపింది మణికట్టు మీద ఎట్టి సూడండి. కనబళ్లేదంటే సరిపోయినట్టే" అన్నారు. ఆయనదీ నాదీ ఒకటే ఛాయ. ఇంట్లో నాకు సున్నిపిండి రుద్దని ఆదివారం లేదు. ఇంటికొచ్చిన చుట్టాలు 'కాకిపిల్ల కాకికి ముద్దు' అని మా అమ్మ ఎదుటే నవ్వేవారు. మాస్టారు మాత్రం "నువ్వూ నానూ ఒక్క డబ్బాలో రంగేనమ్మా" అనేవారు. ఆ మాట కోసమే నేను రోజూ వాళ్లింటికి వెళ్లేదాన్ని.

వాళ్లింట్లో మంచం కింద ఒక రేకు పెట్టె ఉండేది. పోర్టులో పనిచేసే స్నేహితుడొకాయన విదేశీ ఓడల వాళ్లు చదివి వదిలేసిన కామిక్స్ తెచ్చిస్తే అందులో దాచేవారు. అన్నిటికంటే పైన ఉండేవాడు ఒక నల్లజాతి వీరుడు. ఆ కథల లోకంలో అలాంటి వాళ్లలో తొలి వరసవాడు. మాస్టారు అతని పేరెప్పుడూ పలకలేదు. 'మనోడు' అనేవారు, మేనల్లుడి గురించి చెప్పినట్టు.

"మనోడు ముందు సుట్టంలాగొచ్చాడమ్మా, తెల్లోళ్ల కతలోకి. సొంత పుస్తకం రాడానికి ఏళ్లు పట్టింది. రాసినోళ్లూ గీసినోళ్లూ కూడా ముందు తెల్లోళ్లే. మనోడి మనుసులు కలం పట్టడానికి ఇంకా శానా కాలం పట్టింది" అని చెప్పేవారు. అప్పటి చవక అచ్చులో నల్లవాళ్ల ఒంటికి తరచూ బూడిద రంగే పడేది. మాస్టారికి అది చూస్తే ఒళ్లు మండేది. "మనిసికి బూడిద రంగుంటాదేటి? సచ్చిపోయినోడికి కూడా ఉండదు" అంటూ సన్న కుంచె పట్టుకుని, పేజీ పేజీకీ మనోడి ముఖం, చేతులు గోధుమ రంగుతో దిద్దేవారు. పక్కన కూర్చుని రంగు కలపడం నా వంతు. గీత దాటుతుందేమోనని ఊపిరి బిగబట్టి చూసేదాన్ని.

కొన్నేళ్ల క్రితం మనోడు సినిమాగా వచ్చాడు. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లారు. ఎలా ఉందండీ అంటే, "దిద్దే పని లేదమ్మా" అన్నారు. అంత తృప్తిగా ఆయన ఇంకే మాటా అనగా వినలేదు.

పెద్దకర్మకి ఫ్లెక్సీ పని నేనే తీసుకున్నాను. ఆ పొద్దున్న ఆటోలో తెచ్చి విప్పి చూశాను. మాస్టారి ముఖం ఇడ్లీలా తెల్లగా ఉంది. ఫ్లెక్సీ కొట్టిన షాపతనికి ఫోన్ చేశాను.

"అందరికీ అలాగే సేత్తామండి. నల్లగా కొడితే గొడవాడతారు. మళ్లీ కొడదామన్నా ఇప్పుడు కరెంటు లేదు" అన్నాడు.

"పోన్లే అక్కా, బాగానే ఉన్నారు కదా" అన్నాడు మాస్టారి అబ్బాయి. వీధిలో అప్పుడే బళ్లు ఆగుతున్నాయి. ఇంకాసేపట్లో ఆయన పాఠం చెప్పిన వాళ్లందరూ ఆ ముఖానికే దండం పెడతారు.

మాస్టారి భార్య వచ్చి కళ్లజోడు సర్దుకుని చూశారు. చాలాసేపు చూశారు.

"ఈయనెవులమ్మా?" అన్నారు.

ఆవిడ లోపలికెళ్లి మాస్టారి కుంచె, గోడ బొమ్మలకి వాడే రంగుల ట్యూబులు తెచ్చి నా ఒళ్లో పెట్టారు. "నువ్వే దిద్దు. ఆయన రంగు నీకు తెలుసు" అన్నారు.

తెలుసు, కానీ భయం. ఒక్క గీత తప్పితే వచ్చిన జనం ముందు ఆయన ముఖమే పాడైపోతుంది. ఎరుపు, పసుపు, కాసింత నీలం కలిపాను. ముందు నా మణికట్టు మీద పెట్టాను. ఎర్రగా తేలింది. ఇంకాస్త నీలం కలిపి, చెరిపి, మళ్లీ పెట్టాను.

ఈసారి ఎక్కడ పెట్టానో కనిపించలేదు. వేలితో తడిమితే తడిగా తగిలింది. కుంచె తీసుకుని మాస్టారి నుదుటి దగ్గర మొదలుపెట్టాను.