సగం నీళ్లకు సగం కర్పూరం

బోథ్ దగ్గరి ఓ చిన్న దవాఖానకు కంపౌండరుగా వెళ్లిన కొత్తలో నాకు లెక్కల మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా లేదు. ఇంతకు ఇంతైతే అంతకు ఎంత అనే త్రైరాశికంలో బళ్లో నన్ను మించినవాడు లేడని మా పంతులే ఒప్పుకున్నాడు మరి.

ఆ వానాకాలం ఆదిలాబాద్ నుంచి రావలసిన స్పిరిట్ రాలేదు. ఉన్నదల్లా ఒక సీసా. కీళ్లనొప్పులకు రాసే కర్పూరం మందు కోసం జనం బారులు తీరారు. ఎలాగైనా సర్దమన్నారు డాక్టరుగారు. నేను కాగితం తీశాను. ఔన్సు స్పిరిట్‌లో ఔన్సు కర్పూరం కరుగుతుంది, నీళ్లలో కరగనే కరగదు. కాబట్టి స్పిరిట్, నీళ్లు సగం సగం కలిపితే సగం కర్పూరం నిలవాలి. జాగ్రత్త కొద్దీ అందులోనూ సగమే వేశాను. నా వినయం కూడా లెక్క ప్రకారమే ఉండేది.

స్పిరిట్‌లో కర్పూరం చక్కగా కరిగింది. నీళ్లు పోయగానే అంతా తెల్లబడి, కరిగిన కర్పూరం పెచ్చులు పెచ్చులుగా పైకి తేలింది. నా లెక్క తప్పే ప్రశ్నే లేదు. స్పిరిట్‌లోనే ముందుగా ఎవరో నీళ్లు కలిపి ఉండాలి. అల్మారా తాళంచెవి ఆయమ్మ దగ్గర ఉండేది. స్పిరిట్ ఎవరైనా తాగుతారేమోనని డాక్టరుగారు సీసా మీద గీత గీసి పెట్టేవారు. ఆ ఉదయం స్పిరిట్ సరిగ్గా గీత దగ్గరే ఉంది. తాగి, నీళ్లతో నింపిందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఆయమ్మ మిషన్ దవాఖానలో పని నేర్చిన పెద్దావిడ, ఆదివారం ప్రార్థన మానేది కాదు. అయినా స్పిరిట్ తాగావా అని ఆమెనే నిలదీశాను.

"తాగుడేంది సారూ, గా వాసనకే నాకు కడుపుల తిప్పుతది. నీళ్లు మీరే పోసిండ్రు గదా! నీళ్లు ఎక్కువైతే కర్పూరం వాపస్ వస్తది. చుక్క చుక్క పోసుకుంట చూడాలె, తెల్లగైతే ఆపాలె. గిది లెక్కకు దొరికేది గాదు."

చదువు రాని మనిషి లెక్కల గురించి చెప్పడం నాకు నవ్వు తెప్పించింది. డాక్టరుగారు నా మాటే నమ్మి, మర్నాటి నుంచి ఆమెను రావద్దన్నారు.

రెండు వారాలకు లక్క సీలుతో కొత్త సీసా వచ్చింది. నా చేత్తోనే సీలు తీశాను. అదే కొలత, అవే నీళ్లు, అవే పెచ్చులు. మళ్లీ చేశాను, మళ్లీ అంతే. సగం నీళ్లు పోస్తే స్పిరిట్‌కు కరిగించే శక్తి సగం తగ్గదు, దాదాపు అంతా పోతుంది. కర్పూరానికి త్రైరాశికం రాదని అప్పుడు తెలిసింది. సిగ్గుతో నా తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రమే బురదలో నాలుగు మైళ్లు నడిచి ఆమె ఊరికి వెళ్లాను. ఎవరి చేనులోనో కూలికి కలుపు తీస్తోంది.

"ఆయమ్మా, తప్పు నాదే" అన్నాను.

ఆమె తలెత్తలేదు. "కొత్త సీసల గూడ పెచ్చులు లేశినయా?"

"లేశినయి."

"మరి గీ ముచ్చట డాక్టరు సాబుకు జెప్పిండ్రా?"

చెప్పలేదు. నాలుగు మైళ్ల బురద దాటినవాణ్ణి, దవాఖాన వరండా దాటి ఆయన గదిలోకి వెళ్లలేకపోయాను. ఆ వరండా దాటడానికి నాకు ఇంకో మూడు రోజులు పట్టింది.

డాక్టరుగారు అంతా విన్నారు. "నిన్న జెప్తే అయిపోతుండె గదయ్యా" అన్నారు. "ఇయ్యాల పొద్దుగాలనే కొత్త ఆయాను పెట్టుకున్నం."