ఎడంచేతికి పట్టని పిస్టల్

కొత్త పిస్టల్ కొన్నాక, దాన్ని క్లబ్బులో ఉన్న పాతదాంతో పోల్చి మా క్లబ్బు వాట్సాప్ గ్రూపులో ఇంగ్లీషులో పెద్ద వ్యాసమే రాశాను. ఇప్పటిదాకా ఒక్కరూ జవాబివ్వలేదు. ఆ రోజే ఎవరో కుక్కపిల్ల ఫొటో పెడితే గ్రూపు గ్రూపంతా లేచి కూర్చుంది. కుక్కపిల్ల బాగానే ఉంది, నేను కాదనను. నా వ్యాసం దాని నెత్తినే ఉంది, వేలితో కాస్త జరిపితే కనిపిస్తుంది. జరిపిన వేలు లేదు కనక ఇక్కడ తెలుగులో మళ్ళీ రాస్తున్నాను.

నేనుండేది పరాయి దేశంలో, టాలట్ అనే ఊళ్ళో. మెయ్‌నూత్ అనే ఊరు దాటాక పొలాల మధ్య ఒక షూటింగ్ క్లబ్బుంది. శనివారం శనివారం వెళ్ళి కాగితం మీది నల్లటి చుక్కను కాల్చి వస్తాను. మా ఆవిడ దృష్టిలో అది కూరగాయలు తేవడం తప్పించుకునే మార్గం.

నా బాధ అర్థం కావాలంటే రెండో తరగతి నుంచి మొదలెట్టాలి. ఎడంచేత్తో బలపం పట్టుకున్నందుకు మా పంతులుగారు చెక్కస్కేలుతో వేళ్ళ కణుపుల మీద కొట్టారు. ఆయన ఇప్పుడు లేరు. ఆ స్కేలు ఏ చివర విరిగి ఉండేదో మాత్రం నాకింకా గుర్తుంది. అప్పట్నించీ రాత, అన్నం, ఒకరికి ఇవ్వడం, ఒకరి దగ్గర పుచ్చుకోవడం, అన్నీ కుడిచేత్తోనే. ఎడంచేతికి చెప్పుకోదగ్గ పని ఒక్కటీ మిగల్లేదు.

క్లబ్బులో చేరిన రోజు అక్కడ నేర్పే పెద్దాయన నా కళ్ళు పరీక్ష చేశాడు. ఆవుల్ని అమ్మేసి వ్యవసాయం మానేసిన మనిషి. గురికి నాకు ఎడమకన్నే బలమైనదని, ఆ వైపు చేత్తోనే కాల్చాలని తేల్చి, పిస్టల్ ఎడంచేతిలో పెట్టాడు.

"ఎడంచేత్తోనా? తప్పు కాదా?" అన్నాను.

"తప్పని బడిలో నన్నూ కొట్టారు. మా భాషలో ఎడంచేతివాణ్ణి కిటోగ్ అంటారు. నువ్వో కిటోగ్, నేనో కిటోగ్. కాల్చు," అన్నాడు.

కాల్చాను. నల్లచుక్కలో తగిలింది. నలభై దాటాక నా ఎడంచేతికి ఉద్యోగం దొరికింది.

ఇక పోలిక. క్లబ్బు పిస్టల్ ముసలిది. పిడికి నల్లటి టేపు చుట్టి ఉంటుంది. ట్రిగర్ తుప్పుపట్టిన గొళ్ళెంలా కదులుతుంది, తూటా అప్పుడప్పుడు మధ్యలో ఇరుక్కుంటుంది. కానీ పిడి రెండు పక్కలా సమానం, ఏ చేతికైనా ఒదుగుతుంది. కొత్తదాని ట్రిగర్ వెన్నలా ఉంటుంది, తూటా ఎప్పుడూ ఇరుక్కోదు. దాని పిడి అక్రోటు చెక్క. బొటనవేలికి అరుగు, అరచేతికి గుంట, వేళ్ళకి గాళ్ళు, అన్నీ అందంగా చెక్కారు. కుడిచేతికి.

ఇదెలా జరిగిందంటే, దుకాణంలో అమ్మేవాడు పిస్టల్ నా ముందుకి చాపాడు. ఎవరైనా ఏదైనా ఇస్తే కుడిచేత్తో పుచ్చుకోవడం మనకి అలవాటు. పుచ్చుకున్నాను. కరచాలనం చేసినట్టు కుదిరింది.

"ఎలా ఉంది?" అన్నాడు.

"గ్రాండ్," అన్నాను.

కాగితాల మీద సంతకం కుడిచేత్తో పెట్టాను. పెన్ను కూడా కుడిచేత్తోనే తిరిగిచ్చాను. ఏ చేత్తో కాలుస్తారని ఆయన ఒక్క మాట అడగలేదు. చొక్కా కొంటే మెడ కొలుస్తారు. చెప్పులు కొంటే కాలు చూస్తారు.

లైసెన్సు వచ్చేదాకా పిస్టల్ దుకాణంలోనే ఉంచాలి. ఇంటికి గార్డు, అంటే ఇక్కడి పోలీసు, వచ్చి, పిస్టల్ దాచే సేఫు గోడకి బిగించి ఉందో లేదో లాగి చూసి, మా ఆవిడ ఇచ్చిన టీ తాగి వెళ్ళాడు. ఆయనా అడగలేదు. చివరికి పిస్టల్ తెచ్చుకుని, క్లబ్బులో పెట్టె తెరిచి, ఎడంచేత్తో పట్టుకున్నాను. బొటనవేలి అరుగు అరచేతిలో పొడుచుకుంది. కుడిచేతికి మార్చి కాలిస్తే తూటాలు పక్కవాడి కాగితంలో పడ్డాయి. అతను మర్యాదస్తుడు, థాంక్స్ అన్నాడు.

పెద్దాయన చూసి, "ఆకురాయి పట్టి ఆ అరుగు తీసేద్దామా?" అన్నాడు. కొత్త వస్తువు మీద ఆకురాయి పడనివ్వనన్నాను. "అయితే ఎడంచేతి పిడి తెప్పించుకో. ముసలిదాన్ని ఇక నీకివ్వలేను, కొత్తగా చేరినవాళ్ళకి అదొక్కటే ఉంది," అన్నాడు. అంటే పిడి వచ్చేదాకా నేను బల్ల మీద కూర్చుని ఇతరుల గురి చూడాలి.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "నయం, కళ్ళజోడు ఇలా కొనలేదు," అంది. తర్వాత, "పుచ్చుకునేటప్పుడే ఎడంచెయ్యి చాపాల్సింది కదండీ," అంది.

"పెద్దమనిషి ఇస్తుంటే ఎడంచెయ్యి ఎలా చాపుతాను?"

"మరింకేం, మర్యాదకి మర్యాదా దక్కింది, పిస్టలూ దక్కింది," అని పప్పులో పోపు వేసింది.

దుకాణానికి ఫోన్ చేశాను. "మీరే గ్రాండ్ అన్నారు కదా," అన్నాడు. అన్నాను. నా కుడిచెయ్యి అంది. ఎడంచేతిని ఎవరడిగారు? పిడి తెప్పిస్తానని ఒప్పుకున్నాడు. ఎప్పుడని మెయిల్ పెట్టాను, జవాబు లేదు. మళ్ళీ పెట్టాను. దుకాణం సెలవని యంత్రం ఒక జవాబిచ్చింది. సెలవు అయిపోయింది, దుకాణం తలుపులు తెరిచే ఉన్నాయి, నేను కారులోంచి చూశాను.

ఈ చేతిని ఒకసారి స్కేలుతో మాన్పించారు. ఇప్పుడు అక్రోటు చెక్కతో మాన్పిస్తానంటే మానను. అయ్యా దుకాణదారు గారూ, శనివారం క్లబ్బుకి పోయే దారిలో మీ దగ్గర ఆగుతాను. ఈసారి ఎడంచెయ్యే చాపుతాను, మర్యాద మీరే సర్దుకోండి. ఎడంచేతి పిడి ఎప్పుడొస్తుంది? ఆ ఒక్కదానికైనా జవాబు చెప్పండి.