రాదమ్మ చేతికి రాడ్డు

ముందురోజు బిగించిన ఇనపగేటు ఆ పొద్దున బండెక్కి మామయ్య వెల్డింగు షెడ్డుకి తిరిగొచ్చింది. పై బందు దగ్గర అతుకు ఊడి, రెక్క వెళ్లి ఇంటాయన కారు మీద పడిందట. ఆయన నోటికొచ్చినట్టు తిట్టి పోయాడు. ఆ తిట్లన్నీ మామయ్య మూటగట్టి మేనకోడలి నెత్తిన పెట్టాడు.

“అరగదీయమంటే గీకి గీకి పారేశావు కదే! అతుకంతా నీ గ్రైండరే మింగేసింది.”

ఆమె పని అదే. వెల్డింగు చేసినచోట ఉబ్బెత్తుగా మిగిలిన ఇనుమును నున్నగా అరగదీసి రంగు వేయడం. షెడ్డులో ఆమెను రాదమ్మ అంటారు. కొత్తవాళ్లు అసలు పేరు రాధ కాబోలనుకుంటారు. కాదు. తండ్రి పోయి, తల్లితో మామయ్య ఇంటి వెనకగదికి చేరిన కొత్తలో, ఎవరేం అడిగినా “నాకు రాదు” అనేది. సైకిలు తొక్కవే అంటే రాదు. లెక్క చెప్పవే అంటే రాదు. రాదంటే తిట్లు అక్కడితో ఆగేవి. వచ్చని చెడగొడితే వారమంతా సాగేవి. ఆ లెక్క మాత్రం ఆమెకు బాగానే వచ్చింది. పేరు పెట్టింది మామయ్యే. పిలవగా పిలవగా ఆమె కూడా నమ్మేసింది.

నిజానికి వెల్డింగు ఆమెకు వచ్చు. పాత వెల్డరుకు సిగరెట్టు పిచ్చి. మామయ్య బయటికెళ్లగానే రాడ్డు పట్టే హోల్డరు ఆమె చేతిలో పెట్టి వెనకసందులోకి పోయేవాడు. ఆమె అతికించిన గేట్లు ఊళ్లో బోలెడున్నాయి, ఆయన పేరు మీద. ఆయన మానేశాక, ఆ పని తనకిమ్మని అడగడానికి ఆమెకు వారం పట్టింది. మామయ్య నోరు తెరిచేలోపే ఆయన కొడుకు అందుకున్నాడు.

“రాదమ్మ చేతికి రాడ్డెందుకు నాన్నా?”

షెడ్డంతా పగలబడి నవ్వింది. వెల్డింగు రాడ్డు బావ చేతికెళ్లింది. బావకు కళ్లకు నల్లద్దం అడ్డం పెట్టుకునే ఓపిక లేదు. కళ్లు మూసుకుని అంటించేవాడు. ఇనుము లోపలికి కరిగేది కాదు, పైపైన ముద్ద కట్టేది.

“బావా, ఈ గేటు పై బందు లోపలికి పట్టలేదు. అరగదీస్తే ఏం మిగలదు.”

“నీ పని నువ్వు చూసుకోవే.”

చూసుకుంది. తెలిసి తెలిసీ నున్నగా అరగదీసింది. ఊడితే ఊడనీ అనుకుంది. కింద కారుంటుందని మాత్రం అనుకోలేదు.

“అది బావ అతుకు మామయ్యా. ముందే చెప్పాను.”

“చెప్పడానికి నీకు వెల్డింగు వచ్చా?”

బావ అప్పుడే ఇకిలించడం మొదలుపెట్టాడు. పాత మాట ఆమె నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

“వచ్చు.”

“ఎప్పుడు నేర్చావే?”

“మీరు బయటికెళ్లినప్పుడల్లా.”

“నా కరెంటు, నా రాడ్లు, నా వెనకాల దొంగతనంగానా? నడు బయటికి!”

తల్లి పరుగెత్తుకొచ్చింది. “తప్పయిందనవే, నీకు దణ్ణం పెడతాను.” ఆమె అనలేదు. గ్రైండరు అక్కడే పెట్టి బయటికి నడిచింది.

ఊరి అవతల బస్సులకు బాడీలు కట్టే షెడ్డుంది. అక్కడి మేస్త్రీ ఆమెను ఎగాదిగా చూశాడు.

“ఆడవాళ్లకి రంగుల పని ఉందమ్మా.”

“నాకు వెల్డింగు వచ్చు.”

రెండు ఇనప ముక్కలు ఆమె ముందు పడేశాడు. కంగారులో గబగబా అంటించింది. మేస్త్రీ సుత్తితో కొడితే రెండో దెబ్బకే విరిగింది.

“ఇదేనా రావడమంటే?”

“ఇంకో ముక్కివ్వండి.”

“ఇనుమేమన్నా మీ పుట్టింటిదా?” అని గొణుగుతూనే ఇచ్చాడు. ఈసారి ఆయన చేయి నొప్పెట్టేదాకా కొట్టాడు. విడలేదు. మెచ్చుకోలేదు కూడా. “పొద్దున ఏడింటికి రా. ఆలస్యమైతే గేటు దగ్గర్నుంచే పంపేస్తా” అన్నాడు.

ఆ సాయంత్రం మామయ్య వెనకగది గుమ్మంలో నిలబడ్డాడు.

“కోపంలో ఏదో అన్నానులే. రేపు రెండు గేట్లు అరగదీయాలి. పొద్దున్నే వచ్చెయ్.”

“రాదమ్మ ఇక రాదు మామయ్యా.”

ఆయనకు అలవాటైన మాటే. అర్థం కావడానికి మాత్రం కాస్త సేపు పట్టింది.

“అయితే నెలాఖరుకి గది ఖాళీ చెయ్యండి.”

తల్లి ఏడుస్తూ, కూతుర్ని తిడుతూ గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. మర్నాడు ఏడు కాకముందే కూతురు బస్సుల షెడ్డు గేటు దగ్గరుంది.